ఎందుకు తిరిగొచ్చిందో

"మెడపట్టీ లేని ఆ మూడు రాత్రులూ ఆమెకు నిద్ర పట్టలేదు. నాలుగో రోజు తెల్లవారేసరికి కోట గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మెడ చాచి, నా పట్టీ నాకిమ్మని ఏడ్చింది. మోతవాళ్ళ స్వభావమే అంత. మొయ్యడంలోనే వాళ్ళ ఊపిరి ఉంది."

చివరి వాక్యం దగ్గర గొంతు బాగా తగ్గించి చదివి, రేడియో అని అందరూ పిలిచే ఆమె కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది. బస్ స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని రోజంతా బస్సుల వేళలు చెప్పడం ఆమె ఉద్యోగం. అందుకే ఆ పేరు. ఆ గొంతుతో కరెంటు బిల్లు చదివినా మనిషికి గుండె జారుతుంది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అద్దాలకేం పట్టలేదు, తుడుచుకుంటున్నది కళ్ళనే.

"అద్భుతం లాయరుగారూ," అన్నారు. "ఇంకేం మాట్లాడతాం."

"నేను మాట్లాడతాను," అంది రిజిస్టరక్క.

మాస్టారింటి మేడ మీది గది అది. చప్పుడు బయటికి పోకుండా, బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలన్నిటికీ పాత బొంతలు వేలాడదీశారు. రెండేళ్ళుగా నలుగురూ అక్కడే కూర్చుని ఒక లోకాన్ని తయారుచేస్తున్నారు. ఆ లోకానికి ఇద్దరు సూర్యుళ్ళు. సముద్రం నిండా నీటివాళ్ళు, వాళ్ళకి మొప్పలూ, రాజ్యాలూ, యుద్ధాలూ, కవిత్వమూ. ఒడ్డున నీటివాళ్ళ బరువులు మోసే మోతవాళ్ళు, వాళ్ళకి మెడపట్టీలు. వంతులవారీగా ఒక్కొక్కరు ఒక్కో భాగం రాస్తారు, రేడియో చదువుతుంది, ఆదివారం సాయంత్రానికి అది ఫోన్లలోకి వెళ్తుంది. నలభై వేలమంది వింటారు. మొదటిరోజే పెట్టుకున్న నియమం ఒకటుంది. ఒకరు రాసింది ఒకసారి గాలిలోకి వెళ్ళాక ఇంకొకరు కాదనకూడదు, దాని మీదే కట్టుకుంటూ పోవాలి. కనుక ఎవరెప్పుడు ఏం రాశారో, చిన్న సూర్యుడి రంగేమిటో, నీటివాళ్ళ చేతికి వేళ్ళెన్నో ఎవరో ఒకరు రాసి పెట్టుకోవాలి. ఆ పని, నేను మాట్లాడతానన్న ఈమె మీద పడింది. ఊరివాళ్ళకి ఆమె పళ్ళసెట్లు చేసే మనిషి, ఈ గదిలో మాత్రం రిజిస్టరక్క.

"చెప్పండి," అన్నారు లాయరుగారు. తలపండిన మనిషి, మాట తీరులో మన్నన. కోర్టులో ఎలా కూర్చుంటారో ఇక్కడా అలాగే, వీపు కుర్చీకి ఆనించకుండా.

"ఆమె తిరిగి రాదు."

"ఎందుకు రాదు?"

"పారిపోయినావిడ వెనక్కొచ్చి మెడ చాపుతుందా? ఎవరు చాపుతారండీ? మీరు చాపుతారా?"

"నేను చాపను. నేను మనిషిని. వాళ్ళు మనుషులు కారు కదమ్మా." ఆయన చిన్నగా నవ్వారు. "అసలు గమ్మత్తంతా అక్కడే ఉంది. ఇంకో లోకం, ఇంకో ప్రాణి, ఇంకో సంస్కృతి. మన మంచీచెడ్డా పట్టుకెళ్ళి వాళ్ళ నెత్తిన రుద్దితే అది ఇంకో లోకం ఎలా అవుతుంది? మన వీధే అవుతుంది. రెండో సూర్యుడు దండగ."

"మోతవాళ్ళకి దెబ్బ తగిలితే నొప్పి పుడుతుందని మూడో భాగంలో మీరే రాశారు. రిజిస్టర్లో ఉంది, పద్నాలుగో పేజీ. పిల్ల చచ్చిపోతే తల్లి రెండు రోజులు నీళ్ళు ముట్టలేదని మాస్టారు రాశారు. నొప్పి ఉంది, ఏడుపు ఉంది, కడుపుతీపి ఉంది. ఇవన్నీ మనలాగే. మెడపట్టీ దగ్గరికొచ్చేసరికి మాత్రం మనలా కారు. ఇదెక్కడి లెక్కండీ?"

"ఇది నా అభిప్రాయం కాదు, వాళ్ళ సంస్కృతి."

"ఈ భాగం వాళ్ళు రాయలేదుగా. మీరు రాశారు."

రేడియో పెదవి కొరుక్కుంది. మాస్టారు ఫ్యాను వైపు చూశారు, ఆగిపోయి ఉన్న ఫ్యానుని. లాయరుగారి మొహంలో నవ్వు పోయింది.

"ఇరవయ్యేళ్ళుగా ఇటుక బట్టీల్లోంచి, కార్ఖానాల్లోంచి మనుషుల్ని విడిపించే కేసులు వాదిస్తున్నాను," అన్నారు నెమ్మదిగా. "బానిసతనం గురించి నాకు మీరు పాఠం చెప్తారా?"

"విడిపించినవాళ్ళు తర్వాత ఏమయ్యారో ఎప్పుడైనా అడిగారా?"

"తిరిగెళ్ళినవాళ్ళున్నారు. నా కళ్ళతో చూశాను. అదే రాశాను."

"ఎందుకెళ్ళారో అడిగారా?"

మాస్టారు కల్పించుకున్నారు. "సరే, సరే. ఆదివారం పదింటికి రికార్డింగు. అమ్మా, ఈలోపు నువ్వు దీన్నే వేరేగా రాసుకురా. రెండూ విందాం. ఏది బావుంటే అది. కొట్టుకోవడం ఎందుకు, మనమేం నీటివాళ్ళమా?"

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. రిజిస్టరక్క రిజిస్టరు సంచిలో పడేసుకుని, చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా దూర్చకుండానే మెట్లు దిగింది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికెళ్ళే రెండు మలుపులూ దాటి, తిరగాల్సిన మూడో మలుపు దగ్గర తిరగడం మరిచి చాలాదూరం నడిచింది.

*

శుక్రవారం పొద్దున ఒక ముసలాయన పైపళ్ళ సెట్టు ఆమె బల్ల మీదికొచ్చింది. మైనంలో పళ్ళు పేర్చడం, అచ్చు పోయడం, ఉడకబెట్టడం అంతకుముందే అయిపోయాయి. మిగిలింది గులాబీరంగు చిగుళ్ళ అంచులు అరగదీసి నున్న చెయ్యడం. ఆ ల్యాబులో ఆమె చెయ్యి పడితే చిగురుకి ఇంక తిరుగు లేదంటారు. దవడకి ఎక్కడ ఒరుసుకుంటుందో నోరు చూడకుండానే ఆమె వేలికి తెలుస్తుంది.

చేతిలో చిన్న మోటారు గుయ్యిమంటోంది. గులాబీరంగు పొడి ముక్కుగుడ్డ మీద, కనుబొమల మీద పేరుకుంటోంది. మోతవాళ్ళ స్వభావమే అంత. ఎంత సుళువుగా రాసేశాడు మహానుభావుడు! నీటిరాణి పడకగది గురించి మూడు పేజీలు రాశాడు. ముత్యపుచిప్పల పరుపు, కెరటం చప్పుడు వినిపించే కిటికీ, ఏ దాసి ఏ పక్కన నిలబడాలో. అంత ఓపికున్నవాడికి మోతమనిషి మనసులో ఏముందో తెలుసుకునే ఓపిక లేక, స్వభావం అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. చదువుకున్నవాళ్ళు చేతులు కడుక్కోడానికి ఎన్ని మంచి మాటలున్నాయో! స్వభావం. సంస్కృతి. అలవాటు. వాళ్ళకి ఎండ తెలీదండీ. వాళ్ళకి ఆకలి తట్టుకోవడం వచ్చండీ.

"ఏమ్మా, ఆ పళ్ళ మీద పగేమైనా ఉందా?"

ల్యాబు ఓనరు వెనక నిలబడ్డాడు. ఆమె మోటారు ఆపింది. సెట్టుని దీపానికెదురుగా పెట్టి చూస్తే అంచు దగ్గర వెలుతురు అవతలికి కనబడుతోంది. ఉల్లిపొర మందం చేసేసింది. నొక్కితే విరిగిపోతుంది.

"మళ్ళీ చేస్తాను," అంది.

"చేస్తావులే. ఆ పెద్దాయన ఇంకో రెండు రోజులు జావ తాగుతాడు, అంతేగా." ఆయన కోప్పడలేదు. పదకొండేళ్ళలో ఆమె పాడుచేసిన మొదటి సెట్టు అది. ఆయన నెమ్మదికే ఎక్కువ సిగ్గనిపించింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ కిటికీ దగ్గర పీట మీద కూర్చుని తెల్లచొక్కాలకి గుండీలు కుడుతోంది. దర్జీ కొట్టువాళ్ళు పొద్దున కట్టలు తెచ్చిపడేస్తారు, సాయంత్రం పట్టుకెళ్తారు. సూది నాలుగుసార్లు పైకి, నాలుగుసార్లు కిందికి, గుండీ చుట్టూ మూడు చుట్లు, ముడి, పంటితో దారం పుటుక్కున. కుర్చీలుండగా అమ్మ పీటే ఎందుకేసుకుంటుందో కూతురు ఏనాడో అడగడం మానేసింది. వీధిలో సైకిలు బెల్లు మోగితే అమ్మ సగం లేచి, తన ఇంట్లోనే ఉన్నానని గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంటుంది. అదీ పాతదే. చిన్నప్పుడు ఎవరింట్లోనో ఉండి పనిచేసిందని, 'సొంతపిల్లలా చూసుకుంటాం' అని తీసుకెళ్ళారని, పదేళ్ళు ఉందని కూతురికి తెలుసు. అంతకుమించి అమ్మా చెప్పలేదు, ఈమే గుచ్చి అడగలేదు.

"ఈ వారం ఎవరిదే వంతు?" అంది అమ్మ దారం తెంపుతూ.

"మీ లాయరుబాబుది."

"ఆయన రాస్తే సముద్రం వాసన కొడుతుందే."

"కొడుతుంది, కొడుతుంది. వింటే నీకు కంపు కొడుతుంది." ఇంక ఆగలేకపోయింది. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పేసింది. మోతమనిషిని పైలోకంనించి దిగొచ్చిన ఒకడు ఎలా విడిపించాడో, ఆమె నాలుగోరోజు ఎలా తిరిగొచ్చిందో, పట్టీ కోసం ఎలా ఏడ్చిందో. "తిరిగొస్తుందటమ్మా! వాళ్ళ స్వభావమట! ఎవరైనా తిరిగెళ్తారా? బుద్ధున్నవాళ్ళెవరైనా?"

అమ్మ ఇంకో గుండీ తీసుకుంది. నాలుగు కన్నాల గుండీ. దాన్ని బట్ట మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"నేనెళ్ళలేదూ?" అంది.

కూతురికి మొదట అర్థం కాలేదు. "ఎక్కడికి?"

"ఎక్కడికేంటే. ఆ ఇంటికే. అప్పటికి నాకు పదిహేనేళ్ళుంటాయి. వంటావిడ పెరటి తలుపు తీసి, పోవే పిల్లా, మళ్ళీ ఈ మొహాలు చూడకు అంది. పోయాను. బస్సులాగే చోటుకెళ్ళి కూర్చున్నాను. పొద్దుణ్ణించి పొద్దుగూకేదాకా. నన్నెవ్వరూ పిలవలేదు. అంతసేపు ఎవరూ పిలవకుండా ఉండడం అదే మొదలు నాకు. భలే ఉందిలే." అమ్మ నవ్వింది. "చీకటిపడ్డాక లేచి వెనక్కెళ్ళాను."

"ఎందుకు?"

సూది పైకొచ్చింది, కిందికెళ్ళింది.

"ఇంకో పిల్ల ఉండేది. నా తర్వాత తెచ్చారు. ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో. పక్క తడిపేసేది. తెలిస్తే ఆ తడి దుప్పటే నెత్తిన పెట్టి వాకిట్లో నిలబెడతారని, తెల్లారకముందే లేచి నేను ఉతికి ఆరేసేదాన్ని. ఎవరికీ తెలీదు, నాకూ దానికీ తప్ప. ఆరోజు బస్సుల దగ్గర కూర్చుంటే అదే గుర్తొచ్చింది. రేపొద్దున ఆ దుప్పటి ఎవరుతుకుతారు?"

అమ్మ మామూలుగానే చెప్పింది, చొక్కాకి గుండీ తక్కువైందని చెప్పినట్టు. "వెళ్ళాక ఇంటావిడ ఏం చేసిందో తెలుసా? కొట్టలేదు. ఇరుగుపొరుగుల్ని పిలిచింది. చూశారా, ఎంత బాగా చూసుకోకపోతే తిరిగొస్తుంది చెప్పండి, అంది. వచ్చినవాళ్ళందరి ముందూ నన్ను నిలబెట్టి చెప్పింది. చాన్నాళ్ళు చెప్పుకుంది ఆ కథ."

కూతురు గుమ్మంలోనే కూలబడింది. కోపం ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో ఆమెకే తెలీలేదు. ఆ ఇంటావిడ మీద, వచ్చి వినిపోయిన ఇరుగుపొరుగు మీద. అన్నిటికన్నా ఎక్కువ, మన్ననగా నవ్వుతూ అదే కథని ఇంకో లోకంలో మళ్ళీ రాసిన లాయరుగారి మీద. అదే కథ. మాట కూడా పొల్లుపోలేదు. ఇంటావిడ బతికుంటే ఆ భాగం విని చప్పట్లు కొట్టేది.

"అన్నం పెట్టనా?" అంది అమ్మ.

"వద్దు."

*

శనివారం కోడి కూసే వేళకి లేచి రాయడం మొదలుపెట్టింది. మిగిలింది ల్యాబులో, అచ్చుల్లో పోసిన సుద్దముద్ద గట్టిపడేలోపు, బల్ల కింద కాగితాలు పెట్టుకుని రాసింది. ఇంత వేగంగా ఆమె ఎప్పుడూ రాయలేదు. మోతవాళ్ళు పడుకునేది సముద్రపు నాచు చాపల మీద. పిల్లమోత చాప తడుపుతుంది. తెలిస్తే ఆ తడిచాపని దాని నెత్తిన పెట్టి ఇద్దరు సూర్యుళ్ళ కిందా నిలబెడతారు. పెద్దమోత మొదటి సూర్యుడు లేవకముందే చాప ఉతుకుతుంది. విడుదలైన పెద్దమోత పడవల రేవులో రోజంతా కూర్చుంటుంది. ఎవరూ పిలవరు. రేపొద్దున ఆ చాప ఎవరుతుకుతారు?

తిరిగొచ్చినామెని నిలబెట్టి రాణి నీటివాళ్ళందరికీ చూపిస్తుంది. చూశారా, ఎంత బాగా చూసుకోకపోతే. అక్కడ కలం కాగితాన్ని చీల్చుకుపోయింది. దీనికేమంటారు లాయరుగారూ? ఏమంటారు? రాస్తున్నంతసేపూ ఆమె కళ్ళముందు లాయరుగారి మొహమే ఉంది.

మధ్యాహ్నం ఫొటోలు తీసి ముగ్గురికీ పంపింది. గంటలోపే రేడియో ఫోను చేసి, మాట్లాడలేక ఏడ్చి, పెట్టేసింది. మాస్టారు, "రెండేళ్ళలో మన లోకం ఇవాళే పుట్టిందమ్మా," అని రాశారు. సాయంత్రం లాయరుగారు ఫోను చేశారు.

"ఓడిపోయాను," అన్నారు. "హృదయపూర్వకంగా చెబుతున్నాను. రేపు మీదే రికార్డు చేద్దాం."

గెలిచింది. ఇంకా కోపంగానే ఉంది.

"ఒక్కమాట అడగనా," అన్నారు ఆయన. "ఆ చాప మీరు ఊహించింది కాదు. సాక్షులు చెప్పేవి వినీ వినీ నాకో అలవాటైంది. కట్టి చెప్పేది ఒకలా ఉంటుంది, జరిగింది ఒకలా ఉంటుంది. ఎవరో చెప్పారు కదా మీకు?"

"లేదు," అంది ఆమె. "ఊహించాను."

*

ఆదివారం అమ్మని తీసుకెళ్ళింది. ఎప్పణ్ణించో రమ్మంటుంటే, ఆ చదువుకున్నవాళ్ళ మధ్య నాకేం పనే అని తప్పించుకునేది. ఇవాళ మాత్రం, "ఈ వారం నాదే వేస్తున్నారు. రా, నువ్వు వినాలి," అని పట్టుబట్టింది. ఏం రాసిందో చెప్పలేదు. అక్కడే వినాలని, విని అమ్మ మొహం ఎలా అవుతుందో చూడాలని ఉంది.

బొంతల గదిలో అమ్మని చూసి అందరూ లేచి నిలబడ్డారు. మాస్టారు తన కుర్చీ ఇచ్చారు. ఆమె దాని అంచున, ఎవరైనా లెమ్మంటే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది. "మీ గొంతేనా అమ్మా," అని రేడియో వైపు చూసి నవ్వింది. "మా ఇంట్లో మనిషివైపోయావు."

ఫ్యాను ఆపారు. తలుపేశారు. ముందొకసారి ఉత్తినే చదివి చూసుకుంటుంది రేడియో, ఆ తర్వాతే యంత్రం పెడతారు. చదవడం మొదలైంది.

పడవల రేవు దగ్గర అమ్మ మొహంలో ఏమీ లేదు. ఎవరూ పిలవలేదు అన్నచోట కొంచెం తల ఎత్తింది. కూతురు అమ్మనే చూస్తోంది. రేడియో గొంతు ఇంకా మెత్తగా దిగింది. "ఆ రాత్రి కూడా పిల్లమోత చాప తడిపి ఉంటుంది. దాని గుట్టు తెలిసినది లోకంలో ఈమె ఒక్కతే..."

"ఆపమ్మా," అంది అమ్మ.

రేడియో ఆగింది. ఇంకా అర్థం కానట్టు నవ్వుమొహంతో చూసింది. అమ్మ లేచి నిలబడింది. కూతురి వైపు వేలు చూపించింది.

"నన్నడిగావా?"

"అమ్మా, అది..."

"నన్నడిగావా అంటున్నాను."

"నీ పేరు లేదమ్మా. ఎవరి పేరూ లేదు. మనుషులే కారు వాళ్ళు. ఎక్కడో ఇంకో లోకంలో..."

ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమెకే వినబడింది. లాయరుగారు ఆమె వైపు చూడలేదు. కిందికి చూస్తున్నారు. అది ఇంకా నరకంగా ఉంది.

"నా సంగతి కాదే," అంది అమ్మ. గొంతు పెంచలేదు, కానీ ఒక్కొక్క మాటా రాయిలా పడుతోంది. "నేను బస్సుల దగ్గర కూర్చున్నానని రాసుకో, వెనక్కెళ్ళానని రాసుకో, నాకేం సిగ్గులేదు. దాని సంగతి దేనికి చెప్పావు? ఎవరికీ తెలీకూడదనే కదా నేను తెల్లారకుండా లేచి చచ్చింది. ఎవరికీ తెలీకూడదనే కదా వెనక్కెళ్ళింది. ఇప్పుడది ఎక్కడుందో, పిల్లల్నో మనవల్నో పక్కన కూర్చోబెట్టుకుని ఇది వింటుందో ఏమో. విని, ఓహో, అక్క చెప్పేసింది అనుకోదూ? నలభై వేలమందికా చెప్తావు? ఆ ఇంటావిడైనా వీధి వరకే చెప్పుకుంది!"

రిజిస్టరక్కకి చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. ఒక్క క్షణం ఆమెకి అమ్మ మీదే కోపం వచ్చింది. నీకోసమే కదా ఇదంతా, అని నోటిదాకా వచ్చింది. వచ్చి ఆగింది. నిన్న పొద్దుణ్ణించి రాసిన ఏ పేజీలోనూ ఆమె అమ్మ గురించి ఆలోచించలేదు. ఆ పిల్ల గురించి అసలే ఆలోచించలేదు. లాయరుగారిని కొట్టడానికి చేతికి రాయి దొరికింది, విసిరింది. ఆ రాయి ఎవరిదో చూసుకోలేదు.

రేడియో దగ్గరికెళ్ళి, చెయ్యి చాపింది. రేడియో కాగితాలిచ్చేసింది. రిజిస్టరక్క వాటిని నాలుగు మడతలు పెట్టి అమ్మ చేతిలో పెట్టింది.

"మీ ఫోన్లలో ఉన్నవి కూడా తీసెయ్యండి," అంది ముగ్గురితో. "ఇప్పుడే. నేను చూస్తుండగా."

తీసేశారు. మాస్టారికి ఎలా తియ్యాలో తెలీకపోతే రేడియో తీసిపెట్టింది.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "మరి... సాయంత్రానికి ఏదో ఒకటి వెయ్యాలి కదా. లాయరుగారిది సిద్ధంగా ఉంది."

"అది వెయ్యడానికి వీల్లేదు," అంది రిజిస్టరక్క. "నాది తప్పయినంత మాత్రాన ఆయనది ఒప్పయిపోదు."

"ఏముందే అందులో?" అంది అమ్మ. "నువ్వు చెప్పిందేనా? తిరిగొచ్చి ఏడుస్తుందనీ..."

"అవునండీ," అన్నారు లాయరుగారు. మొదటిసారి ఆయన వీపు కుర్చీకి ఆనింది.

"ఒకటడుగుతాను, ఏమనుకోకండి బాబూ. ఆ మనిషి ఎక్కడ పడుకుంటుంది?"

"ఎవరండీ?"

"అదే, ఆ మోతమనిషి. రాణిగారి పరుపు చెప్పారు మీరు ఆమధ్య. కళ్ళకి కట్టినట్టుంది. మరి ఈమె ఎక్కడ పడుకుంటుంది? తలుపవతలా, ఇవతలా? మధ్యలో లేపుతారా?"

లాయరుగారు తన కాగితాలు తిరగేశారు. "అది... నేను ఆలోచించలేదండీ."

"పోనీ, కోటకి వెనక్కి నడుస్తుంటే ఏమనుకుంది?"

"తెలీదండీ."

"తెలీదుగా," అంది అమ్మ. ఎగతాళి లేదు ఆ గొంతులో. "తిరిగొచ్చిందని రాయండి. వస్తారు. అబద్ధమేం కాదు. ఎందుకొచ్చిందో మాత్రం మీకు తెలీదు కదా. తెలీనిది రాయకండి."

"రాసేవాడికే తెలీకపోతే ఎలా అండీ? వినేవాళ్ళు అడుగుతారు, ఎందుకొచ్చిందని."

"అడగనివ్వండి. రాణిగారు కూడా అడగాలి. ఈమె చెప్పదు. అంతే."

లాయరుగారు జేబులోంచి కలం తీశారు. నిద్ర పట్టలేదన్న వాక్యం కొట్టేశారు. ఏడ్చిందన్నది కొట్టేశారు. 'స్వభావమే అంత' దగ్గర ఆగారు. ఆ వాక్యం ఆయనకి ఇష్టం, అందరికీ తెలుసు. "ఇదొక్కటీ రాణి అంటున్నట్టు పెడితే?" అని అడిగారు, కూతుర్ని కాదు, అమ్మని.

"ఆవిడంటే అనొచ్చు," అంది అమ్మ. "ఆవిడ అదే అంటుంది."

ఆయన రాసుకున్నారు. రాణి అంది: మోతవాళ్ళ స్వభావమే అంత. గుమ్మం ముందు నిలబడ్డామె ఔననలేదు, కాదనలేదు. ఎందుకొచ్చావని మళ్ళీ అడిగింది రాణి. ఆమె చెప్పలేదు.

రేడియో యంత్రం పెట్టి దాన్ని ఒక్కసారే చదివింది. ఎప్పుడూ చివర్లో తగ్గించే గొంతు ఈసారి తగ్గించలేదు. బస్సు బయలుదేరే వేళ చెప్పినట్టు, ఉన్నదున్నట్టు చెప్పి ఆపేసింది. మాస్టారు ఫ్యాను వేశారు.

వెనక్కొచ్చే బస్సులో అమ్మకి కిటికీ పక్క సీటు దొరికింది. కూతురికి దొరకలేదు. కమ్మీ పట్టుకుని పక్కనే నిలబడింది. అమ్మ ఆమె వైపు చూడలేదు. ఆ నాలుగు మడతల కాగితాలని చిన్న చిన్న ముక్కలు చేస్తోంది, తొందరేం లేకుండా. ముక్కల్ని కిటికీలోంచి పారెయ్యకుండా గుప్పిట్లోనే పెట్టుకుంటోంది. నాలుగు స్టాపులు గడిచాయి. పక్కసీటు ఖాళీ అయింది. కూర్చోవచ్చో లేదో తెలీక కూతురు నిలబడే ఉంది.

"అమ్మా," అంది చివరికి. "ఒకటడగొచ్చా?"

"అడుగు."

"ఆ పిల్ల పేరేంటి?"

అమ్మ తలతిప్పి కూతుర్ని చూసింది. కోపం అంతా పోయిందని కాదు. కానీ ఆ కళ్ళలో కూతురు ఎన్నడూ చూడని ధీమా ఏదో ఉంది. ఎవరు బెల్లు కొట్టినా ఇంక లేవననే మనిషిలా వీపు సీటుకి ఆనించి కూర్చుంది.

"చెప్పను," అంది.

చెప్పి, కాళ్ళు పక్కకి జరిపి, కూతురు కూర్చోడానికి దారిచ్చింది.